మడ్‌ఫ్లాప్‌లో మృత్యువు

షెడ్డు మెకానిక్ చేతిలో స్పానర్ ఉండగానే చచ్చిపోయాడు. కణతలో తూటా. టైర్ల వెనక బురద ఆపే రబ్బరు మడ్‌ఫ్లాపులు చేత్తో ఎత్తి చూసి, "ఇవేంటి ఇంత బరువు?" అన్నాడంతే, పాపం. శవాన్ని సర్వీస్ గోతిలోకి దొర్లించి టార్పాలిన్ కప్పేశారు.

కొత్త మెకానిక్ వేషంలో గూఢచారి 'బావగారు' దిగాడు. ఊరికే అలుగుతాడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. చీఫ్ బ్రీఫింగ్ ఇంకా చెవుల్లో మోగుతోంది.

"ఆ షెడ్డుకొచ్చిన పికప్ వ్యాను ఆస్పత్రికి ఆక్సిజన్ సిలిండర్లు మోస్తుంది. విదేశీ ముఠా దాన్ని ఇవాళ ఆస్పత్రిలోనే పేల్చబోతోంది. బాంబు ఎక్కడ పెడతారో ముఠాలో ఉన్న మన ఏజెంట్ కెంపుకి కూడా తెలీదట."

"ఏ ఆస్పత్రి సార్?"

"మీ చెల్లెలు నర్సుగా చేసేదే."

షెడ్డులో ఇద్దరు గన్‌మెన్. వాళ్ళ మధ్య ఎర్ర స్కార్ఫ్‌తో కెంపు. అందం చూస్తే తుపాకులు కూడా తల దించుకునేలా ఉంది.

"వాన పడేలా ఉందా?" అందామె.

"బురద మాత్రం ఖాయం," కోడ్ పూర్తి చేశాడు బావగారు.

"అనుమానం రాకుండా ఈ ఫ్లాపులు బిగించు. బాంబు నేను వెతుకుతా," అని గొణిగింది.

కుడివైపు ఫ్లాపుకి బెజ్జాలు ముందే ఉన్నాయి. టైరు వెనక పెట్టి నట్లు బిగించాడు. ఎడమవైపుదీ అంతే బరువు, ఎత్తగానే చెయ్యి జివ్వున లాగింది. ఉత్త రబ్బరు ఇంత బరువుండదు. ఫ్లాపుకి బెజ్జాలు పై అంచున వేస్తారు. అతను కావాలనే డ్రిల్లు తీసుకెళ్ళి సరిగ్గా మధ్యలో ఆనించాడు.

గన్‌మెన్ ఆవులించారు. కెంపు మాత్రం ఒక్క ఉదుటున టైర్ల గుట్ట వెనక పడింది.

"అక్కడ కాదు!"

బావగారు డ్రిల్లు ఆపకుండానే ఆమెవైపు తిరిగాడు. ఇంతకాలం ఈ తల్లికా మనం జీతమిచ్చింది?

"నీకు తెలీదన్నావుగా?"

"ఆస్పత్రీ పోతుంది, నువ్వూ పోతావు. ఒక దెబ్బకి రెండు పిట్టలు. కాల్చండ్రా!"

తిరుగుతున్న డ్రిల్లు మొదటివాడి గొంతులో దిగింది. రక్తం విండ్‌షీల్డ్ మీద చిమ్మింది. రెండో చేతిలోని స్పానర్ మామూలుది కాదు, పిడి నొక్కితే ఒక్క తూటా వస్తుంది. అది రెండోవాడి కంటికి సరిపోయింది. ఈలోగా కెంపు పిస్టల్ పేలి బావగారి భుజం చీలిపోయింది. ఆమె లిప్‌స్టిక్ అడుగున దాచిన బాంబు స్విచ్ తిప్పి గుమ్మంవైపు పరుగెత్తింది. ఫ్లాపుల్లో టిక్‌టిక్ మొదలైంది.

బావగారు వీల్‌స్పానర్ విసిరాడు. తలకి తగిలి కెంపు గోతిలో పడింది. తను చంపించిన మెకానిక్ పక్కనే, మెడ విరిగి.

ఇక బిగించిన ఫ్లాపు. నట్లు కదలవు! ఏ పనైనా గట్టిగా చెయ్యాలన్న పాడు అలవాటు ఇవాళ ప్రాణం తీసేలా ఉంది. ఒంటిచేత్తో స్పానర్ మీద ఒళ్ళంతా వేసి తిప్పాడు. ఒకటి ఊడింది. రెండోది ఊడలేదు. బంపర్‌కి కాలు తన్నిపెట్టి, చెల్లెల్ని తలుచుకుని లాగాడు. రబ్బరు చిరిగి చేతికొచ్చింది. రెండు ఫ్లాపులూ గోడవతల పాడుబడ్డ క్వారీలోకి గిరాటేశాడు. అవి నీళ్ళు తాకాయో లేదో, షెడ్డు రేకులు ఎగిరిపడ్డాయి.

దుమ్ములో పికప్‌ని గేటు దాకా నడుపుకొచ్చాడు. అక్కడ డ్రైవర్ కాచుకుని ఉన్నాడు.

"మడ్‌ఫ్లాపులు వెయ్యమన్నాగా, ఏవీ?"

"వేశా తమ్ముడూ. బండికి కాస్త ఎక్కువయ్యాయని పారేశా. ఆస్పత్రిలో మా చెల్లెలుంది, ఈ భుజం చూపించుకోవాలి. నన్నూ ఎక్కించుకో."

డ్రైవర్ అతణ్ణి ఎగాదిగా చూశాడు. "ఎక్కు. కానీ సీటుకి రక్తం అంటకుండా కూర్చో. బయటి బురద కడుక్కోడమే చాలు నాకు."