కణఘోష

2094 నాటికి కాకినాడలో జ్వరం తగిలిన మనిషిని గదితో సహా తగలబెట్టడం మామూలైపోయింది. కావలివాళ్లు మంటగొట్టాలు పట్టుకుని తలుపు బయట నిలబడతారు. లోపల బాగున్నవాళ్లు ఆ మాట చెప్పి బయటికి రావాలి. ఆ తర్వాత నిప్పే.

ఆ నిప్పు ఆపాలనే డాక్టర్ కమలాకరం ‘కణఘోష’ యంత్రం చేశాడు. ఈ జ్వరం తెచ్చే ఎర్రదండు వైరస్, ఒంట్లోని కణం తలుపుకి దొంగతాళం పెట్టి దూరుతుంది. ఆ కణం చేతే తన నకళ్లు చేయించుకుని, దాని పొట్ట చీల్చుకుని బయటికొస్తుంది. గొంతులోంచి నెత్తురులోకి, నెత్తురులోంచి మెదడుకి. చచ్చే కణం మాత్రం ఊరికే చావదు. తలుపులేసుకోండని పక్క కణాలకి రసాయనంతో కేక పెట్టి మరీ చస్తుంది. ఆ కేకని మన చెవికి వినిపించేదే యంత్రం. లోకంలో ఇంకా అదొక్కటే ఉంది.

దాన్ని పరీక్షించడానికే, జ్వరం తగిలిన ల్యాబ్ డ్రైవర్ నూకరాజుని ఒక పూట బతకనిచ్చారు. మంచానికి కట్టేసినా గింజుకుంటున్నాడు. రోగం మెదడుకెక్కింది. పట్టుకోబోయిన శాస్త్రవేత్త రత్నమాల మణికట్టు కొరికి కండ ఊడదీశాడు. ఆమె గుడ్డ చుట్టుకుని, యంత్రం వాడి గొంతుకి ఆనించింది. యంత్రంలోంచి గది నిండా అరుపులు. వాడు భళ్లున నెత్తురు కక్కుకుని పోయాడు.

“వీడికెలా అంటిందండి? గేటు దాటలేదు. మీతో వన్ బై టూ టీ తాగడం తప్ప...” రత్నమాల ఆగింది. “మీరు సగం తాగి, ఆ ఎంగిలి సగం వాడి గ్లాసులో ఒంపేవారు.”

“టీ మీద పడ్డావేంటమ్మా?” కమలాకరం వెనక్కి జరిగాడు.

“మెడ చూపించండి.”

“నేను చేసిన మిషను నాకే పెడతావా? తప్పుకో!”

ఆమె సెలైన్ స్టాండుతో మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగింది. గుండెల మీద కూర్చుని మెడకి యంత్రం నొక్కింది. యంత్రం కేకలు పెట్టింది.

“సోమవారం రోగికి వాడిన సూది గుచ్చుకుంది... చెప్తే కాల్చేస్తారని...”

“మీ ఒంట్లో చచ్చే కణానికున్న సిగ్గు మీకు లేదు కదండీ! వాడికి పిల్లలున్నారండీ!”

పళ్లు రాలి, మనిషి సోలిపోయేదాకా కొట్టింది. రొప్పుతూ యంత్రాన్ని కమలాకరం మెడ మీంచి లాగేసింది.

అరుపులు ఆగలేదు.

చూసుకుంది. యంత్రం గుడ్డ జారిన తన మణికట్టు గాయానికి ఆనుకుని ఉంది.

కావలివాళ్లు తలుపు దబదబా బాదారు. “అమ్మా, ఎవరికైనా మోగిందా?”

రత్నమాల యంత్రం ఆపేసింది. కోటు చెయ్యి వేళ్లదాకా లాక్కుంది.

“సార్‌కి మోగిందండి. నాకేం లేదు. తలుపు తీయండి, నేనొచ్చాక కాల్చుకోండి.”