ఏడో స్తంభం దగ్గర పన్నెండో గిన్నె

రాబెన్‌కోగెల్ కొండమీది రోప్‌వే ఏడో స్తంభానికి ఉన్నంత చెడ్డపేరు మా తిరోల్ కొండసీమలో ఏ శ్మశానానికీ లేదు. స్కీయింగ్ రోజుల్లో అక్కడ ఎవరికీ ఏమీ కాదు. జనం గోలకి దెయ్యమైనా చెవులు మూసుకుని పడుకోవాల్సిందే. రోప్‌వే కట్టేసి, కుర్చీలు తీగకి ఊరికే వేలాడే నవంబరులోనే అసలు సంగతంతా.

వెనకటికి కోర్బినియన్ అనే దర్జీ పై సత్రం నుంచి దిగి వస్తున్నాడట, ఇంటికెళ్లి ఇంత సూపు తాగుదామని. సరిగ్గా ఏడో స్తంభం దగ్గర ఉండగా కింద ఆపరేటరు చూసుకోకుండా స్విచ్ ఆపేసి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి మనిషి కుర్చీలోనే గడ్డకట్టుకుపోయాడు. అప్పట్నుంచీ ఒంటరిగా అటు వెళ్లేవాళ్లకి పైనుంచి ఓ గొంతు... "సూపు వేడిగా ఉందా?" అని.

ఇప్పటి ఆపరేటరు రూపెర్ట్ దీన్ని నమ్మడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ స్విచ్ దగ్గర కూర్చున్నవాడు నమ్మితే ఉద్యోగం సాగదు. అన్నేళ్లలో ఆయన కొండ నడిచి ఎక్కిన పాపాన పోలేదు.

ఆ నడకే ఇప్పుడు ఆయన మెడకి చుట్టుకుంది. పై సత్రం నడిపే బుర్గీని పెళ్లి చేసుకుంటావా అని యాభై నాలుగేళ్ల వయసులో ధైర్యం చేసి అడిగాడు. మొగుడు పోయి పన్నెండేళ్లయిన మనిషి, మొహమాటం లేదు.

"కుర్చీలో కూర్చుని వచ్చే మొగుడు నాకొద్దయ్యా. ఆదివారం సాయంత్రానికి మంచులో నడిచి పైకి రా. రాలేదో... ఇంక ఆ మాటెత్తకు."

ఆదివారమే ఏటా జరిగే రక్షణ కసరత్తు. ఊళ్లోవాళ్లని పన్నెండుమందిని కుర్చీల్లో కూర్చోబెట్టి, రోప్‌వే ఆపేసి, రక్షకదళం తాళ్లతో ఒక్కొక్కరినే దింపుతుంది. దిగినవాళ్లకి కింద స్టేషను కిటికీలోంచి తలా ఓ గిన్నె సూపు. లెక్క కూడా అదే. పన్నెండు గిన్నెలూ అయిపోతే పన్నెండుమందీ దిగినట్టు. పేర్లు రాసుకోవడమంటే మా ఊరివాళ్లకి నామోషీ.

సూపు కాచి పోసేది రూపెర్టే. గరిటె చేతిలో ఉంది, మనసు కొండమీద ఉంది. బయట ముక్కు ముందేముందో తెలియని పొగమంచు. కిటికీలోకి చెయ్యి వస్తే గిన్నె పెట్టాడు, అంతే. ఆఖరి చేతికి పాతకాలపు ఉన్ని తొడుగు, తడిసి నీళ్లోడుతోంది. గిన్నె అందుకుని మాటా పలుకూ లేకుండా పోయింది. ఎంత పొగరో అనుకున్నాడు.

పన్నెండు. స్విచ్ ఆపి, తాళం జేబులో వేసుకుని, ఇంటికెళ్లి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

మూడో స్తంభానికే ఊపిరి అందలేదు. మోకాలిలోతు మంచులో కాలు దిగితే లాక్కోవడానికి ఓ తిట్టు, ఎత్తి పెట్టడానికి ఇంకో తిట్టు. అయిదో స్తంభం దగ్గర వెలుగు పోయింది. ఆరో దాని దగ్గర వెనక్కి తిరిగాడు కూడా — బుర్గీ నవ్వే నవ్వు గుర్తొచ్చి మళ్లీ ముందుకి తిరిగాడు.

ఏడోది...

గాలి లేదు. అయినా పైన తీగ కిర్రుమంది.

"సూపులో ఉప్పు తక్కువైందయ్యా..."

రూపెర్ట్ తలెత్తాడు. పొగమంచులో ఓ కుర్చీ — అందులో తెల్లగా, నిశ్చలంగా ఒక ఆకారం. మోకాళ్లమీద కూలబడ్డాడు.

"కోర్బినియన్ గారూ! వదిలేయండి... అప్పటికి నేను పుట్టనేలేదు! అన్నీ ఒప్పుకుంటాను. పాదిరిగారి ద్రాక్షసారా తాగింది నేనే. చుట్ట మానేశానని బుర్గీతో అబద్ధమాడాను. నా నడుంనొప్పి కూడా అబద్ధమే..."

పైన తీగ మళ్లీ కిర్రుమంది.

"ఇంకా?" అంది వణుకుతున్న గొంతు.

"ఇంకా... ఆవిడంటే నాకు ప్రాణం. ఏళ్ల తరబడి చెప్పలేక చచ్చాను. ఇవాళ ఒక్కరోజు బతకనివ్వండి, చెప్పేసి వస్తాను!"

"నా చేతుల్లోనే చస్తావు, మొద్దూ! పోయి రోప్‌వే తిప్పు!"

బుర్గీ! పోస్టుమాన్ భార్యకి జ్వరం వస్తే ఆమె బదులు ఆఖరి నిమిషంలో పైనుంచి తానే ఎక్కిందట. ఫోను వంటింట్లో ఉండిపోయింది. మూడు గంటలైంది, కాళ్లు ఉన్నాయో లేవో తెలియట్లేదంది.

లెక్క తప్పింది రూపెర్ట్‌దే. ఆనాటి ఆపరేటరు చేసిన పనే తనూ చేశాడు. అప్పుడు పరిగెత్తాడు — పడుతూ, పాకుతూ, ఏడుస్తూ, రాబెన్‌కోగెల్ కొనదాకా.

పై స్టేషను చక్రానికీ అదే తాళం. తిప్పి, చక్రాన్ని వెనక్కి నడిపాడు. బుర్గీ కుర్చీ పైకొచ్చింది. జుట్టూ కనుబొమలూ తెల్లగా మంచు పట్టేశాయి. ఎత్తుకుని దించి, తన కోటు కప్పి, చెంపదెబ్బకి సిద్ధంగా నిలబడ్డాడు.

"నడిచొచ్చావన్నమాట," అందామె పళ్లు టకటకలాడుతుంటే. "చుట్ట సంగతి రేపు తేలుస్తా. పెళ్లికి... సరేలే."

రూపెర్ట్ ఆమెకి కోటు గుండీ పెట్టబోయి, ఆగి ఆమెనే చూశాడు.

"ఏంటలా చూస్తావు? నా ముందు కుర్చీలో ఆయన్ని కూడా దించు. మొహం ఇటు తిప్పలేదు గానీ, నేను నిద్రపోకుండా మూడు గంటలూ కబుర్లు చెబుతూనే ఉన్నాడు, పాపం. నీ వంటకి వంక పెట్టిందీ ఆయనే."

చక్రం ఇంకా తిరుగుతోంది. పొగమంచులోంచి తర్వాతి కుర్చీ మెల్లగా పైకొచ్చింది. కుర్చీలన్నిటిమీదా జానెడు మంచుంది. దీనిమీద లేదు. మనిషీ లేడు. మధ్యలో ఒక గిన్నె, నాకినట్టు ఖాళీగా.

రూపెర్ట్ వంగి ముట్టుకున్నాడు.

ఇంకా వెచ్చగానే ఉంది.