బస్సెక్కిన పాదచారి

ష్రూస్‌బరీ దాటిన తరువాత, సెవర్న్ నది ఒడ్డున, గొర్రెల పొలాల నడుమ ఉన్న ఊగుడు గేటును పట్టుకుని పసుపుపచ్చ వానకోటు అమ్మాయి ఒకతె నిలబడి ఉండటం గిల్బర్ట్ థోర్న్‌కు ఏమాత్రం నచ్చలేదు. నది పుట్టిన కొండ మీది నుంచి అది సముద్రంలో కలిసేవరకు ఒక్క అడుగైనా తప్పకుండా నడవాలని బయలుదేరినవాడు అతను. ఇంతవరకు దారిలో అతణ్ణి ఆపినవి గొర్రెలే. అవి కూడా అడగ్గానే మర్యాదగా తప్పుకున్నాయి.

"కాస్త తప్పుకుంటారా?" అన్నాడు గిల్బర్ట్.

"తప్పుకోను. ఇది ముద్దుల గేటు. ముందు దాటినవాళ్ళు వెనకవాళ్ళని ముద్దు అడగొచ్చు. ఇస్తేనే వదలాలి. మా అమ్మమ్మ కాలం నుంచీ ఇదే సుంకం."

"మనకు పరిచయం లేదండీ."

"హెస్టర్ ప్లమ్. ఇప్పుడైంది."

చిక్కులో పడ్డ ఆంగ్లేయుడు ఆకాశం వంక చూస్తాడు. గిల్బర్ట్ కూడా చూసి, మధ్యాహ్నానికి వాన పడవచ్చునని అభిప్రాయపడ్డాడు. అనంతరం పక్కనున్న ముళ్ళకంచె ఎక్కి, ప్యాంటు వెనకభాగంలో గణనీయమైన ముక్కను దానికి సమర్పించుకుని, అవతల దురదగొండి పొదలో దిగాడు.

"ముద్దు కన్నా ముళ్ళే నయమనుకున్నారా?" అంది హెస్టర్. "నేను అడిగింది బుగ్గ మీదే కదా."

వాన నిజంగానే పడింది. ఒక రైతు తన జీపు ఆపితే, సెలవులకని అదే నది దారిన వెళుతున్న హెస్టర్ నిస్సంకోచంగా ఎక్కి కూర్చుంది. గిల్బర్ట్ ధన్యవాదాలు చెప్పి, మోకాలిలోతు బురదలో ముందుకు సాగిపోయాడు. చీకటి పడే వేళకు అతను సత్రం చేరేసరికి ఆమె చలిమంట పక్కన పొడిబట్టల్లో కూర్చుని మాంసం కూరిన రొట్టె తింటోంది.

"నడక అంటే నడవాలి," అన్నాడు గిల్బర్ట్, కాలి కింద మడుగు కడుతుండగా. "మధ్యలో బండెక్కితే అది చెల్లదు."

"ఎవరికి చెల్లదు? నదికా?"

"సూత్రం అనేది ఒకటుంటుంది."

"మీ సూత్రం తడిసిపోయిందండీ. పిండి ఆరేసుకోండి."

ఆ తరువాత బ్రిడ్జ్‌నార్త్‌లోనూ, బ్యూడ్లీలోనూ ఇదే తంతు. పగలు అతను నడిచేవాడు, ఆమె కొంత నడిచి, మిగతాది బస్సుకో రైతుకో వదిలేసేది. సాయంత్రం ఒకే బల్ల దగ్గర ఒకరినొకరు ఎత్తిపొడుచుకునేవారు. ఆ బల్ల కోసమే తన అడుగులు వడివడిగా పడుతున్నాయని గిల్బర్ట్ గ్రహించాడు. గ్రహించి, మబ్బుల గురించి మరింత వివరంగా మాట్లాడసాగాడు. ఆమె ఫోన్ నంబరు అడగటానికి అనువైన మబ్బు మాత్రం ఒక్కటీ రాలేదు.

స్టౌర్‌పోర్ట్‌లో హెస్టర్ ఫోర్కు పక్కన పెట్టి అంది: "రేపటితో నా సెలవు ఆఖరు. సాయంత్రం వూస్టర్‌లో రైలెక్కుతా. సాగనంపడానికి వస్తారా?"

గిల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. "నది చాలా మెలికలు తిరుగుతుంది. నడిచి వస్తే అందుకోలేను."

"బస్సుంది."

"బస్సెక్కితే నడక తెగిపోతుంది కదా."

ఆమె ఫోర్కు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మీ సూత్రాన్నే పెళ్ళి చేసుకోండి గిల్బర్ట్ గారూ. సుఖంగా ఉంటారు. ఇద్దరికీ మాటలు రావు."

మరునాడు ఫలహారానికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. సత్రం యజమానురాలు మిసెస్ టనిక్లిఫ్ మాడిన టోస్టు అతని ముందు పెట్టింది.

"పొద్దున్నే బస్సుకెళ్ళిపోయింది బాబూ. మా ఆయనా నీలాగే పెద్ద నడకగాడు. ఎక్కడిదాకా నడిచాడో నాకింకా కబురు రాలేదు."

గిల్బర్ట్ నది దారి పట్టాడు. ఊరి చివర ముద్దుల గేటు ఒకటి ఉంది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ సుంకం అడగలేదు. అంత సులభంగా దాటనిచ్చిన గేటు మీద అతనికి చెప్పలేనంత కోపం వచ్చింది. గిరుక్కున వెనుదిరిగి, బస్సు స్టాపు చేరి, అక్కడ మరెవరూ లేకపోయినా పద్ధతిగా క్యూలో నిలబడ్డాడు.

బస్సు వంతెన మీదికి వచ్చినప్పుడు కిందికి చూశాడు. ఒడ్డున, బురదలో జారుతూ, పసుపుపచ్చ వానకోటు ఒకటి స్టౌర్‌పోర్ట్ వైపు నడిచిపోతోంది. ఏ బండీ ఎక్కకుండా, అతనికి ఎదురుగా వస్తున్నాననుకుంటూ, అతను లేని దారిలో.

గిల్బర్ట్ గంట నొక్కాడు. "ఆపండి. నేను దిగాలి."

"స్టాపు వంతెన అవతలుంది సర్," అన్నాడు డ్రైవరు.

"ఆ అమ్మాయి వెళ్ళిపోతోందండీ."

"అమ్మాయిల దగ్గర ఆపమని మాకు చెప్పలేదు. సూత్రం సూత్రమే."

"ఆపితే నీ సొమ్మేం పోయిందయ్యా?" అంది వెనక సీటులోని ముసలావిడ.

"ఆపితే అందరూ ఆపమంటారమ్మా."

సూత్రం అనే వస్తువు అవతలి వైపు నుంచి ఎలా కనిపిస్తుందో గిల్బర్ట్ జీవితంలో మొదటిసారి చూశాడు. అంత అందంగా లేదు.

స్టాపులో దూకి, వంతెన దాటి, పొలాల వెంట పరుగెత్తాడు. హెస్టర్ అప్పుడే ఒక గేటు దాటుతోంది. వెనక రొప్పు విని తిరిగి చూసి, గేటు పట్టుకుని నిలబడింది. మోకాళ్ళ దాకా బురద.

"మీరు అటు నుంచి రావాలి కదా?"

"బస్సులో వచ్చాను."

"బస్సులోనా? మీరా?"

"మీరు నడిచారా?"

"మీరు చచ్చినా బస్సెక్కరని వూస్టర్‌లో దిగి వెనక్కి నడిచాను. రెండుసార్లు పడ్డాను," అంది కోపంగా. తరువాత కంచె వైపు గడ్డం ఎగరేసింది. "అదిగో, ముళ్ళకంచె కూడా ఉంది. మీ ఇష్టం."

గిల్బర్ట్ కంచె వంక చూశాడు. ఆకాశం వంక మాత్రం చూడలేదు.

"నాకు మంచి ప్యాంటు ఇదొక్కటే మిగిలింది హెస్టర్," అని, గేటులోకి అడుగుపెట్టి సుంకం చెల్లించాడు. బుగ్గతో సరిపెట్టలేదు.

కుక్కతో వచ్చిన వృద్ధ దంపతులు అతని వెనక ఆగి, అంతరాయం కలిగించడం మర్యాద కాదు గనుక, నదిలో నీటిమట్టం గురించి మాట్లాడుకోసాగారు.

"మరి మీ నడక తెగిపోయిందిగా?" అంది హెస్టర్, ఊపిరి తీసుకుని.

"స్టౌర్‌పోర్ట్ నుంచి మళ్ళీ నడవాలి."

"నేను జీపెక్కితే?"

"నేనూ ఎక్కుతాను. కొంచెం దూరం."

"అయితే పద," అంది ఆమె. 'అండీ'లు అక్కడితో ఆగిపోయాయి.

ఆ సాయంత్రం వూస్టర్‌లో రైలు సరిగ్గా సమయానికే బయలుదేరిందట. ఆ దేశంలో అది అపురూపమైన సంగతి. చూసి ఆనందించటానికి ఆ ఇద్దరూ లేకపోవటమే విచారకరం.