నేర్వరాని తాళం

2094 నాటికి కాకినాడ తీరం పొడవునా నలభై సముద్ర ద్వారాలు లేచాయి. పెద్ద పోటు వచ్చినప్పుడు మూసుకుని ఊరిని కాపాడేవి అవే. వాటికి ఆజ్ఞ చేరాలంటే రోజుకో పన్నెండంకెల గూఢసంఖ్య కావాలి. ఆ సంఖ్యల్ని పుట్టించే సూత్రం గణితవేత్త నీలోత్పలది.

"యంత్రం నేర్చుకోగలిగితే అది తాళమే కాదు. తాళం నిలిచిందంటే, ఏ యంత్రానికీ అందనిది ఒకటి ఉందన్నమాట" అనేదామె. తన సూత్రం నేర్వరానిదని నిరూపించింది కూడా. అయినా నెలనెలా 'గ్రాహి' అనే అభ్యాస యంత్రానికి, వాడేసిన సంఖ్యల్లో పదకొండేసి అంకెలు చూపించి పన్నెండోది చెప్పమనేది. ఆరేళ్ళుగా అది పదింట ఒక్కటే చెప్పేది. అంటే, గుడ్డిగా.

ఈసారి ముప్పైకి ఇరవై తొమ్మిది చెప్పింది.

మర్నాడే అమావాస్య పోటు. దొంగ ఆజ్ఞతో ఎవరైనా ద్వారాలు తెరిస్తే మూడు లక్షల మంది నీళ్ళపాలు.

"నా సూత్రం విప్పేశావా?" అని నీలోత్పల గ్రాహిని అడిగింది.

"లేదండీ, అది నాకింకా అంతుపట్టలేదు. కానీ ఈ నెలంతా ఏ రోజు సంఖ్య తీసుకున్నా, ఒక్క అంకె మిగిలేదాకా కూడుకుంటూ పోతే చివరికి తొమ్మిదే తేలుతోంది."

ఆమె గబగబా సంఖ్యల గదికి వెళ్ళింది.

"పేర్రాజు గారూ, సంఖ్య వచ్చాక, దాన్ని మార్చే రెండో మీట నొక్కుతున్నారా?"

ఆ గది చూసుకునే పెద్దాయన తల వంచుకున్నాడు. "పోయిన నెల, కూడితే ఎనిమిది వచ్చిన రోజున పదో ద్వారం ఇరుక్కుపోయిందమ్మా. ఇన్ని ప్రాణాలు కదా... కలిసొచ్చే తొమ్మిది పడేదాకా నొక్కుతున్నాను."

కసరబోయి ఆగింది. ఆయన ఊరి మేలే కోరాడు మరి. "తాళానికి ఇష్టాయిష్టాలు ఉండకూడదండీ. ఉంటే అవి ఎవరికైనా దొరికిపోతాయి" అని నచ్చజెప్పి, ఆ రెండో మీటను అప్పటికప్పుడే పీకించేసింది. ఇక తన సూత్రానికి ఢోకా లేదని నిశ్చింతగా ఇంటికి వెళ్ళింది.

మర్నాడు, అలలు గోడను కొడుతుండగా కొత్త సంఖ్య తెర మీద వెలిగింది. పేర్రాజు పెదాలు కదుపుతున్నాడు.

"కూడకండి!" అంది నీలోత్పల.

ఆ మాట అనేసరికే తనూ కూడేసింది. ఎనిమిది.

నలభై ద్వారాలూ వరసగా, చక్కగా మూసుకున్నాయి. పేర్రాజు చప్పట్లు కొట్టాడు. నీలోత్పల మాత్రం తన వేలి వంక చూసుకుంటోంది. అది ఎప్పుడు వెళ్ళిందో, మీట పీకేసిన చోట నున్నటి రేకును గట్టిగా నొక్కుతోంది.