బ్రిజెట్ లాక్కున్న హెల్మెట్

"నా హెల్మెట్ ఇచ్చేయ్," అన్నాడు ఎల్లిస్.

"ఇవ్వను," అంది బ్రిజెట్, దాన్ని వీపు వెనక దాచుకుంటూ.

ఒహాయోలో ఓ చిన్న కాలేజీ మైదానం అది. అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ అప్పుడే మొదలైంది. బంతిని చంకన ఇరికించుకుని దూసుకుపోవడంలో జట్టులో ఎల్లిస్‌ను మించినవాడు లేడు. ఇందాకే అవతలివాళ్లు ఇద్దరు అతన్ని తల అదిరేలా నేలకేసి కొట్టారు. లేచాడు గానీ, తమదనుకుని నేరుగా ప్రత్యర్థుల బెంచీ వైపు నడిచాడు. ఆటగాళ్ల దెబ్బలకు వైద్యం చూసే విద్యార్థుల్లో బ్రిజెట్ ఒకతె. పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"నాకేం కాలేదు."

"అయితే స్కోరు చెప్పు."

"మనమే గెలుస్తున్నాం."

"మూడు పాయింట్లు వెనకున్నాం. కూర్చో."

ఆ మూడు పాయింట్లతోనే ఓడిపోయారు. మర్నాడు మెస్‌లో బ్రిజెట్‌ను చూసి ఎవడో, "అవతలి జట్టు నీకు జెర్సీ పంపిందా?" అన్నాడు. ఆమె ప్లేట్లో పాస్తా అలాగే ఉండిపోయింది. పక్క బల్ల దగ్గరున్న ఎల్లిస్ ఒక్క మాటా అనలేదు. అతనికీ కోపంగానే ఉంది.

సోమవారం క్లాసులో బోర్డు మీది అక్షరాలు ఈదడం మొదలుపెట్టాయి. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండటం లేదు. ఎల్లిస్ లేచి, వానలో తడుస్తూ బ్రిజెట్ ఉండే వైద్యగదికి వెళ్లాడు. క్షమించమని అడగడానికే వెళ్లాడు. తీరా నోటికొచ్చింది వేరే.

"ఇక్కడ లైటు మరీ ఎక్కువ."

బ్రిజెట్ లైటు తీసేసింది.

"భయమేస్తోంది," అన్నాడు ఎల్లిస్.

"నాకూ వేసింది. మా అన్నయ్య తలకు దెబ్బ తగిలినా ఇలాగే లేచి ఆడేశాడు. ఇప్పటికీ ఎండలోకి రాలేడు."

తల నయమయ్యేదాకా డాక్టరు ఆట మానిపించాడు. ఎల్లిస్ వారం వారం ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుని జట్టుకు నీళ్ల సీసాలు అందించాడు.

"నీళ్లు మోయడంలో నీకు మంచి భవిష్యత్తుంది," అనేది బ్రిజెట్.

"నువ్వు పక్కనుంటే జీవితాంతం మోస్తా."

"తల ఇంకా కుదుటపడలేదన్నమాట," అని ముఖం తిప్పుకునేది, నవ్వు కనబడకుండా.

మెస్‌లో ఆ కుర్రాడు మళ్లీ నోరు జారినప్పుడు ఎల్లిస్ లేచి నిలబడ్డాడు. "ఆమె ఆపకపోతే ఈపాటికి నీ పేరు కూడా మర్చిపోయేవాణ్ణి. మర్చిపోయినా నష్టమేం లేదనుకో." మెస్ అంతా గొల్లుమంది. ఆ రోజు బ్రిజెట్ ప్లేటు ఖాళీ చేసింది.

ఆఖరి మ్యాచ్‌కు డాక్టరు అనుమతిచ్చాడు. జల్లు పడుతోంది. చివరి నిమిషాల్లో ఎల్లిస్ బంతితో గోల్ గీత దాటాడు, వెంటనే నలుగురు అతని మీద పడ్డారు. ఒక్కొక్కరే లేచారు. అడుగున ఉన్న ఎల్లిస్ కూడా లేచాడు, బురద ముఖంతో బ్రిజెట్ ఎక్కడుందో వెతుక్కుని బొటనవేలెత్తాడు. ఆమె కూడా బొటనవేలెత్తింది.

గెలిచారు. జనం మైదానంలోకి దిగుతుంటే ఎల్లిస్ వాళ్లమ్మ లొరైన్ గొడుగు కూడా వేసుకోకుండా వచ్చి, బ్రిజెట్‌ను గట్టిగా కౌగిలించుకుంది.

"వీడు ఆడిన ప్రతి మ్యాచ్ కళ్లు మూసుకునే చూశానమ్మాయ్. ఇవాళ నువ్వున్నావని తెరిచి చూశాను. గురువారం థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి మా ఇంటికి రా."

"మీ అబ్బాయి నన్ను పిలవలేదండీ."

"నెల రోజులుగా పిలుద్దామనే చూస్తున్నానమ్మా," అన్నాడు ఎల్లిస్. "నోరు తెరిస్తే చాలు, తల నొప్పిగా ఉందా అంటుంది."

"ఉందా?" అంది బ్రిజెట్.

"లేదు. నువ్వంటే ఇష్టం. అంతే."

బ్రిజెట్ సీజనంతా బిగపట్టిన ఊపిరి వదిలేసి, అతని బురద చెయ్యి అందుకుంది.