కింద కుడి మూల

సాయిదత్త మాస్టారు నూజివీడులో పాతికేళ్ళుగా పిల్లలకి డ్రాయింగ్ చెబుతున్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చెయ్యి మంచిదే. కానీ ఆయనకి పేరు తెచ్చిన బొమ్మలు మాత్రం ఆ చెయ్యి గీసినవి కావు. ఆ సంగతి ఆయనకీ, ఆగిరిపల్లి మామిడితోట కాపలాదారు పరదేశికీ, పరదేశి కూతురు రేచల్‌కీ తప్ప నరమానవుడికి తెలియదు.

పరదేశి మామిడి సొనతో గీసేవాడు. పచ్చికాయ తొడిమ విరిచి, కారే సొనలో బొటనవేలు ముంచి, ఉతికిన పంచె ముక్క మీద రాసేవాడు. గీసినప్పుడు ఏమీ కనబడదు. మూడోరోజుకి నల్లగా తేలుతుంది. చెట్లు, కోతులు, బుట్టలెత్తే ఆడాళ్ళు... అబ్బ, ఏం బొమ్మలవి! చదువు రాదు కాబట్టి కింద కుడి మూల వేలిముద్ర వేసేవాడు. మాస్టారు ఆ మూలని కత్తెరతో కత్తిరించి, తన సంతకం పెట్టుకునేవారు.

"అయితే అవి ఎవరి బొమ్మలు మాస్టారూ?" అని పరదేశి ఒక్కసారే అడిగాడు.

"పిచ్చివాడా, నీ దగ్గరున్నప్పుడు అది పాతగుడ్డే కదా! నేను చూసి బొమ్మ అన్నాకే బొమ్మయింది. కింద ఎవరి గుర్తుంటే వాళ్ళది."

"గుర్తు ఎవరిదైతే వాళ్ళదన్నమాట," అని పరదేశి తలూపాడు.

ఆ వేసవంతా మాస్టారు అడిగినన్ని గీశాడు. సొనకి వేళ్ళు పొక్కిపోయి అన్నం కలుపుకోలేకపోతే రేచలే ముద్దలు పెట్టింది. కోతలయ్యాక జ్వరంతో పోయాడు. అప్పట్నుంచీ మాస్టారికి ముద్ద గొంతు దిగడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నారు. అయినా విజయవాడ ఎగ్జిబిషన్ వాళ్ళు ఇంకొక్కటి కావాలనగానే బండి తీశారు చూడండి, అదీ మనిషంటే!

శ్రావణమాసం. మిట్టమధ్యాహ్నం. తోటలో చెట్ల మీద కాయన్నది లేదు. కాయలు మాగేసే గది తాళం రేచల్ ఇచ్చింది.

"ఆఖరిది లోపల దండెం మీద ఉంది మాస్టారూ. దీని మూలైనా కత్తిరించకండి. నాన్నకి మిగిలింది అదొక్కటే."

"అలాగేనమ్మా," అన్నారు మాస్టారు. జేబులో కత్తెర ఉంది.

కిటికీ లేని గది. తలుపు వెనక దానంతటదే మూసుకుంది. బయట అంత ఎండ కాస్తున్నా లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పాత గడ్డి వాసన, ఎప్పుడో కుళ్ళిన తొక్కల పులుపు. ఫోన్ లైటులో గుడ్డ దొరికింది. ఫోన్ గడ్డి మీద పెట్టి, మూల పట్టుకుని, కత్తెర తెరిచారు.

వాసన మారింది. సొన... ఇప్పుడే కోసిన కాయ సొన.

టిక్.

తొడిమ విరిగిన చప్పుడు. వెనకే.

"రేచల్?..."

లైటు ఆరిపోయింది. మళ్ళీ... టిక్.

చొక్కా కింద, నడుము మీద, కుడివైపు... తడిగా ఒక వేలు ఆనింది. నెమ్మదిగా నొక్కింది.

"తప్పయిపోయింది పరదేశీ..." మాస్టారికి ఏడుపొచ్చేసింది. "నీ పేరే పెడతాను... ఒట్టు..."

చెవి పక్కన గుసగుస. "కదలకండి మాస్టారూ. గుడ్డ కదిలితే గీత పోద్ది."

కత్తెరా గుడ్డా అక్కడే పడేసి, తలుపు తోసుకుని, ఎలా ఇంటికొచ్చి పడ్డారో ఆయనకే తెలియదు.

మూడోరోజు పొద్దున్న స్నానానికి చొక్కా విప్పితే భార్య శ్రీలలిత ఆగిపోయింది.

"ఏవండీ, నడుము మీద ఇదేంటి? కాలినట్టు నల్లగా... అయ్యో, ఎవరిదో వేలిముద్రండీ!"

"పైన?" అన్నారు మాస్టారు. "దానిపైన... వీపు మీద ఏముంది?"

"ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. ఎందుకలా అడుగుతున్నారు?"

తెల్లవారుజాము నుంచీ ఆయన మెడ దగ్గర్నుంచి కిందికి తడివేలు ఒకటి నెమ్మదిగా కదులుతూనే ఉంది. ఒళ్ళంతా మంట. అయినా గీత చెడిపోతుందని మాస్టారు ఊపిరి బిగబట్టి, కదలకుండా కూర్చున్నారు.