పై అంతస్తులో చితి వాసన

"ఇందూ! ఒసే ఇందుజా! అటెక్కడికే? ఆ మెట్లెక్కకు!"

గర్బా పాటల హోరులో ఛాయాదేవి గొంతు చించుకుంది. కూతురు విననట్టే అద్దాల లంగా ఎత్తిపట్టుకుని రెండో అంతస్తు దాటేసింది.

ఆ భవనంలో పై అంతస్తు చివరి ఫ్లాటంటే వరాఛా పేటలో సగానికి హడల్. అందులో అద్దెకున్న ముసలాయన పోయాక మళ్ళీ ఎవరూ దిగలేదు. సొసైటీలో భజనో, పెళ్ళో పెట్టుకుని జనమంతా కిందికి దిగారా... ఇక మొదలు. మూసిన తలుపు సందుల్లోంచి చితి వాసన. కాలుతున్న ఒంటి వాసన! ముసలాయనకి సందడి పడదనీ, పాట వినపడితే చితి మీద లేచి కూచుంటాడనీ చెప్పుకునేవాళ్ళు. ఆ పేటలో వజ్రాలు సానబట్టే మొనగాళ్ళు కూడా ఆ అంతస్తుకి లిఫ్టు బటన్ నొక్కరు.

ఇందుజ మాత్రం ఆ వాసన మొదటిసారి పీల్చినప్పుడు భయపడలేదు. నోట్లో నీళ్ళూరాయి.

ఎండు చేపలు! నిప్పుల మీద కాల్చినవి. సెలవులకి బందరు వెళ్తే అమ్మమ్మ చద్దన్నంలోకి పెట్టేది. ఇక్కడివాళ్ళు పుట్టి బుద్ధెరిగి ఆ వాసన చూడలేదు, అందుకే చితి అనుకున్నారు. తెలిసింది ఇందుజ వాళ్ళ ఒక్క ఇంటికే. తెలుసని నోరు విప్పితేనా — "మీకెలా తెలుసు?" అంటారు!

గుడ్డు పెంకు కనపడినా ఇల్లు ఖాళీ చేయించే సొసైటీ మరి. అద్దెకి దిగేటప్పుడు ప్రెసిడెంటు మహేశ్‌భాయ్ అడిగితే, బ్యాంకులో పనిచేసే నాన్న రామలింగేశ్వరరావు గారు కళ్ళార్పకుండా "ప్యూర్ వెజ్ అండీ, తాతల నుంచీ" అనేశారు. ఆ ఒక్క మాటకి ఇంటిల్లిపాదీ వేషం కట్టాల్సొచ్చింది. అమ్మ మెట్ల మీద ఎవరు ఎదురైనా "జై శ్రీకృష్ణ" అంటుంది, ఇక్కడివాళ్ళలా పప్పులో బెల్లం వేస్తుంది. అద్దంలో చూసుకుంటే ఇందుజకి ఒక్కోసారి తను నిజంగా అలాంటి పిల్లేనేమో అనిపించేది... ఆ వాసన తగిలేదాకా.

మొన్న మీటింగులో మహేశ్‌భాయ్ తేల్చి చెప్పాడు. "దెయ్యమైతే భూతవైద్యుణ్ణి పిలుస్తాం. మనిషైతే మాత్రం మర్నాడే సామాను రోడ్డు మీద!"

ఇవాళ గర్బా మంచి ఊపులో ఉండగా వాసన కిందికి దిగింది. నాన్నేమో తలనొప్పని ఇంట్లోనే ఉండిపోయాడు. నాన్నకి ఎండు చేపంటే ప్రాణం. ఎవరూ పట్టుకోకముందే ఆయన్ని లాక్కురావాలి.

పై అంతస్తులో బల్బు లేదు. కింద డోలు చప్పుడు బావి అడుగునుంచి వస్తున్నట్టుంది. తాళం వేసి ఉండాల్సిన తలుపు... ఓరగా తెరుచుకుని ఉంది. లోపల ఎర్రగా ఏదో మినుకుమంటోంది.

"నాన్నా..." గుసగుసగా పిలిచింది.

గాజులు గల్లుమన్నాయి.

నాన్నకి గాజులేంటి!

తెల్లటి చీర... విరబోసుకున్న జుట్టు... నేలమీదికి వంగి ఏదో నములుతోంది —

అరవబోయింది.

"చుప్, దీకరీ! అరవకు బిడ్డా!"

ఇందుజ ఫోను లైటు వేసింది. రేవాబా! సాక్షాత్తూ మహేశ్‌భాయ్ తల్లి. సొసైటీలో సగం మంది చేత ఉల్లిపాయలు మానిపించిన మనిషి! ముందు ధూపం నిప్పుల మూకుడు. దాని మీద ఎండు చేప. పెదవుల మీద మసి.

"బా... మీరా? ఇక్కడ దెయ్యముందని మీరే కదా చెప్పారు?"

"నేనే పుట్టించా. దెయ్యముంటే ఎవరూ రారుగా!" చిన్నపిల్లలా నవ్వింది ముసలామె. తాళంచెవి కొడుకు బీరువాలోదట, చేపలు కూరగాయలామె మెంతికూర కింద దాచి తెస్తుందట. అంతలోనే మొహం పాలిపోయింది. "మహేశ్‌కి చెప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటా."

మెట్ల మీద అడుగుల చప్పుడు.

ఛాయాదేవి అరుపులకి జనం పోగయ్యారు మరి. రేవాబా చటుక్కున లోపలి గదిలో దూరి తలుపేసుకుంది. మిగిలింది ఇందుజ, నిప్పులు, చేప.

టార్చి లైటు మూకుడు మీద పడింది. మహేశ్‌భాయ్ ముక్కు మూసుకున్నాడు.

"నవరాత్రుల్లోనా! రావుగారూ, తాతల నుంచీ అన్నారే?"

లుంగీలో, నిద్రకళ్ళతో నాన్న అప్పుడే పైకొచ్చాడు. అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"పొద్దున్నే ఖాళీ చేసేయండి."

ఒక్క పేరు చెబితే చాలు, ఇల్లు దక్కుతుంది. ఇందుజ లోపలి తలుపు వంక చూసింది. దాని వెనక గాజులు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. తనకి ఎందుకో ఏడుపొచ్చింది.

"మేం తింటామండీ," అంది. "మొదట్నుంచీ తింటాం. అబద్ధం చెప్పాం. నాకైతే చాలా ఇష్టం."

కింద పాట కూడా ఆగింది.

లోపలి తలుపు కిర్రుమంది.

"అమ్మా!" మహేశ్‌భాయ్ అదిరిపడ్డాడు. "నువ్విక్కడేంటి? వీళ్ళు నిన్నేం చేశారు?"

రేవాబా మసి తుడుచుకోలేదు. వచ్చి ఇందుజ పక్కన నిలబడి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"పెళ్ళినాడు మీ నాన్నమ్మ నా పేరు మార్చింది, దీకరా. నా యాస మార్చింది. పుట్టిల్లు ఎక్కడో నోరెత్తొద్దంది. నేను మీ నాన్నకీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు," అంది. "కాల్చింది నేను. తిన్నది నేను. నేను జాలరి పిల్లని, మహేశ్."